ఎస్తేరక్క గొంతు

విశాఖపట్నం కొండాసుపత్రిలో ఆ ఏడాది ఎండుదగ్గు వార్డుల్లో పనిచేసిన నర్సులు నూట పన్నెండు మంది. ఆ నూట పన్నెండు మంది చెవుల్లోనూ ఒకే మనిషి మాట్లాడేది. ఆవిడ పేరు ఎస్తేరు, హెడ్ నర్సు. గొంతేమైనా కోయిల గొంతా అంటే, అబ్బే! కాస్త బొంగురు. చర్చిలో పాటలప్పుడు ఆవిణ్ణి వెనక వరసలో నిలబెట్టేవారు, అదీ మైకుకి దూరంగా. కానీ సూది పట్టుకుని దగ్గరికొచ్చి "అయిపోయింది బంగారం, ఇదిగో, అయిపోయింది" అందంటే, ఇంకా గుచ్చకముందే రోగికి సగం అయిపోయినట్టుండేది.

కరోనా వచ్చి పోయిన పద్దెనిమిదేళ్ళకు వచ్చిందీ ఎండుదగ్గు. రోగులు పోవడం ఒక ఎత్తు, నర్సులు కుప్పకూలడం ఇంకో ఎత్తు. సత్యవేణి అని ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఉండేది. ఆమె ముసుగు బట్టలు మార్చుకుంటున్న పది నిమిషాల్లో ఒకాయన పోయాడు. ఆమె వార్డులోనే ఉన్నా పోయేవాడేనని డాక్టర్లంతా చెప్పారు. పిల్ల వింటేగా! అన్నం మానేసింది. చేతులు కడిగిందే కడిగి, కడిగిందే కడిగి, వేళ్ళ మీద తోలు లేచిపోయింది. ఓ రోజు ఎస్తేరు ఆమెను బాత్రూంలోంచి ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టింది. "నీ తప్పేం లేదు తల్లీ, నువ్వు చెయ్యగలిగింది చేశావు" అని గంటసేపు చెబుతూ కూర్చుంది. ఆ పిల్ల వారం తరవాత మొదటిసారి నిద్రపోయింది.

ఆ గంటసేపూ గుమ్మం దగ్గర నిలబడి విన్న మనిషి డాక్టర్ ముక్తేశ్వరి. మెదడు, మనసు అంటూ నలభయ్యేళ్ళు చదువుకున్న మనిషి. కోటు జేబులో ఎప్పుడూ వేయించిన సెనగలుండేవి. మూడో అంతస్తులో పాత స్టోర్ రూమే ఆవిడ లాబొరేటరీ.

"ఎస్తేరూ, మనిషికి తప్పు చేశానన్న బాధ కలిగినప్పుడు గొంతులో ఓ చిన్న కండరం బిగుసుకుంటుంది. భయానికి బిగుసుకోదు, ఏడుపుకి బిగుసుకోదు, దీనికొక్కదానికే. అది నేను పట్టుకోగలను. పట్టుకున్న క్షణంలో చెవిలో ఒక మంచిమాట చెప్పించగలను. మాట ఎవరు చెప్పాలన్నదే తేలలేదు," అంది డాక్టరమ్మ సెనగలు నములుతూ.

మొదట ఎవరి గొంతుతో వాళ్ళకే చెప్పించి చూసింది. నర్సులంతా రెండు రోజుల్లో పీకి టేబులు మీద పడేశారు. సొంత గొంతు తమని బుజ్జగిస్తుంటే ఒళ్ళు మండిందట. పరాయి వాళ్ళని ఎంతైనా ఓదారుస్తారు గానీ, తమతో తాము ఒక్క మెత్తని మాట మాట్లాడుకోవడం వాళ్ళకి చేతకాలేదు. అప్పుడు ఎస్తేరు వార్డులో రోగులతో మాట్లాడే మాటలన్నీ ఐదు నెలలపాటు రికార్డు చేసి, యంత్రానికి నేర్పించి, వేరుశనగ గింజంత పరికరంలో పెట్టి అందరి చెవుల్లోనూ అమర్చారు. డాక్టరమ్మ దానికి సంస్కృతంలో ఏదో పేరు పెట్టింది. నోరు తిరగక నర్సులు 'గింజ' అన్నారు. అదే నిలిచిపోయింది.

గింజ పనిచేసింది. పనిచెయ్యడమేమిటి, ఆసుపత్రి మొహం మారిపోయింది! సత్యవేణి చేతుల మీద కొత్త తోలు వచ్చింది. భోజనాల గదిలో మళ్ళీ పచ్చడి సీసాల కోసం పోట్లాటలు మొదలయ్యాయి. రాజీనామా రాసిచ్చిన తొమ్మిది మంది వెనక్కి తీసుకున్నారు.

ఎస్తేరుకే ఇబ్బంది. ఆవిడ చెవిలో మాట్లాడేది ఆవిడే. "నాకు ఇంకెవరి గొంతైనా పెట్టండి డాక్టరమ్మా," అంది.

"మీరు లోకానికంతా పంచేది మీరే పుచ్చుకోలేకపోతే ఎలాగండీ?" అని నవ్వేసింది డాక్టరమ్మ. సరే కదా అని ఉంచుకుంది. నాలుగు రోజులు చిరాకేసి, ఐదో రోజుకి అలవాటైంది. పదో రోజుకి అది లేకపోతే తోచకుండా అయిపోయింది.

ఇక జరిగిందేమిటో చెప్పాలి. చెప్పక తప్పదు.

వార్డు లోపలి కాగితం బయటికి రాకూడదన్నది అక్కడి నియమం. లోపల రోగుల మంచాలు మారితే, నర్సు చేతితొడుగుల అట్టపెట్టె చింపి, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి, గాజు తలుపుకి అంటించి వెళ్ళేది. అవతలివైపున్న నర్సు అది చూసి రిజిస్టరులోకి ఎక్కించుకునేది. సాయంత్రం ఐదింటికి ఫోన్ల వేళ. హెడ్ నర్సు స్నానం చేసి వచ్చి, ఆ రిజిస్టరు ముందు పెట్టుకుని, మంచం నంబరు ప్రకారం నలభై ఇళ్ళకు కబురు చెప్పేది. ఎవరికైనా బాగా విషమిస్తే ఆ ఫోనులోనే ఇంటివాళ్ళని రమ్మనాలి. ఒక్క మనిషికి ముసుగు బట్టలు తొడిగి, పది నిమిషాలు లోపలికి పంపించేవారు. ఆ పది నిమిషాల కోసం జనం గేటు బయట రోజులకి రోజులు పడిగాపులు కాసేవారు.

ఆ మంగళవారం పద్నాలుగో మంచం మీదున్న సూరాడ ఎల్లాజీకి ఊపిరి ఆడటం తగ్గింది. సముద్రంలో వేటకి వెళ్ళే మనిషి, అరవై రెండేళ్ళు. గొట్టంలో ఆక్సిజన్ జోరు మొదటి మంచాలకే బాగా అందేది. అందుకని ఎస్తేరు ఆయన్ని మూడో మంచానికి మార్చి, అక్కడ కోలుకుంటున్న ఆదినారాయణ మాస్టారిని పద్నాలుగుకి పంపింది. అట్ట చింపి రాసింది. గాజు తలుపుకి అంటించింది. ఆరు గంటలుగా నీళ్ళు తాగలేదు, కళ్ళద్దాలు ఆవిరి పట్టాయి. అక్షరాలున్న వైపు తనవైపు పెట్టి అంటించింది.

అవతలి వాళ్ళకి ఉత్త అట్ట కనిపించింది. రిజిస్టరు మారలేదు.

సాయంత్రం ఐదింటికి పద్నాలుగు నంబరు చూసి, ఆ మంచం మీంచి ఇందాక చెయ్యి ఊపిన మనిషే కళ్ళలో మెదిలి, పేరు మీద ధ్యాస లేక, ఎస్తేరు ఎల్లాజీ కూతురు నూకాలుకి ఫోను చేసింది. "మీ నాన్నగారు రెండు ఇడ్లీలు తిన్నారమ్మా. కూర్చున్నారు. నేను వచ్చేస్తుంటే చెయ్యి కూడా ఊపారు," అంది. అవతల నూకాలు ఏడ్చేసింది, సంతోషంతోనే. "నీ నోట్లో పంచదార పొయ్యా! మా అయ్య సెయ్యూపినాడా?" అంది. మూడో నంబరుకి, అంటే మాస్టారి ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తలేదు. వాళ్ళింట్లో అందరూ వేరే ఆసుపత్రిలో ఉన్నారు.

ఇంతవరకూ అలసిపోయిన మనిషి చేసిన పొరపాటు. ఎవరైనా చేస్తారు, ఎవరైనా క్షమిస్తారు. దీనికి కథ అక్కర్లేదు.

బుధవారం పదింటికి ఎస్తేరు వార్డులోకి అడుగుపెట్టి గాజు తలుపు వైపు చూసింది. తను రాసిన అక్షరాలు చక్కగా తనకే కనిపించాయి. ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పద్నాలుగో మంచం వైపు తిరిగి చూసింది, అక్కడున్నది మాస్టారు. అయ్యో, ఆ పిల్లకి ఏం చెప్పాను నేను! గొంతు పట్టేసింది.

చెవిలో ఆవిడ గొంతు ఆవిడతో అంది: "నీ తప్పేం లేదు తల్లీ. ఒక్కదానివి ఎంతమందిని మోస్తావు? నువ్వు చెయ్యగలిగింది చేశావు."

గొంతు వదిలేసింది. ఎస్తేరు గట్టిగా గాలి పీల్చుకుని, అట్ట తిప్పి అంటించింది. సాయంత్రం ఫోనులో చెప్పేద్దాం అనుకుంది. చెప్పేదే కూడా.

ఆ రోజంతా మూడో మంచం దగ్గరే ఎక్కువసేపు ఉంది. ఎల్లాజీకి తెలివి బాగానే ఉంది, ఊపిరే లేదు. రెండేసి మాటలు మాట్లాడి ఆగేవాడు. "గాలి ఎటు తిరిగిందమ్మా?" అని అడిగాడు. కిటికీలోంచి దూరంగా పోర్టు చిమ్నీ పొగ చూసి, "లోపలికి కొడుతోంది తాతా, సముద్రం మీంచి," అని చెప్పింది. ఆయన తలూపాడు. "పెద్ద వల ఎండలో వదిలీవద్దని సెప్పండి మా నూకాలుకి. పెళుసైపోద్ది," అన్నాడు. కాసేపాగి, "నూకాలు వస్తాదా?" అన్నాడు.

"వస్తుంది," అంది ఎస్తేరు.

మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పింది.

ఐదింటికి రిజిస్టరులో మూడో నంబరు ఎదురుగా ఎల్లాజీ పేరు సరిగ్గా ఉంది. పక్కన 'విషమం' అని ఎర్రసిరాతో ఉంది. ఎస్తేరు ఫోను చేసింది. అవతల నూకాలు ఎత్తీ ఎత్తగానే, "అమ్మా! ఇయ్యాల మూడిడ్లీలు తిన్నాడా? వీధంతా సెప్పీసినాను, మా అయ్యకి నయమైపోయిందని!" అంది. వెనక ఎవరో ముసలావిడ నవ్వుతోంది.

ఎస్తేరు గొంతు మళ్ళీ పట్టేసింది. అదిగో, ఆ పట్టేసినప్పుడే, ఆ బాధలోనే చెప్పేసి ఉంటే! ఐదున్నరకి నూకాలు గేటు దగ్గరుండేది. ఆరింటికి తండ్రి చెయ్యి పట్టుకునేది. కానీ గింజ ఊరుకుంటుందా? "ఈ పూటకి చాల్లే బంగారం," అంది ఆవిడ గొంతు, ఆవిడ చెవిలో. "అన్నీ నీ నెత్తినే వేసుకోకు. నీ మీద నువ్వు కాస్త దయుంచు." వేడినీళ్ళు పోసుకున్నట్టు హాయిగా అనిపించింది. రేపటికి ఆయన కాస్త కోలుకోవచ్చు కదా, అప్పుడు చెప్పవచ్చు కదా అనిపించింది. నోరు దానంతటదే అంది: "నిన్నటికంటే బాగున్నారమ్మా. ఇవాళా చెయ్యి ఊపారు."

ఎల్లాజీ గురువారం పొద్దున్న పదకొండింటికి పోయాడు. చేతిలో ఉన్నది సత్యవేణి చెయ్యి. ఎస్తేరు పన్నెండింటికి ఫోను చేసి, "హఠాత్తుగా జరిగిందమ్మా," అని చెప్పింది.

"నిన్న సెయ్యూపినాడన్నారు కదమ్మా," అంది నూకాలు.

"అవునమ్మా. హఠాత్తుగా," అంది ఎస్తేరు.

ఆ సాయంత్రం ఎస్తేరు పప్పుచారు అన్నం రెండోసారి వడ్డించుకుని తిని, ఎనిమిది గంటలు కదలకుండా నిద్రపోయింది.

తొమ్మిది రోజులు గడిచాయి. ఆసుపత్రి సెమినార్ హాల్లో మీటింగు. రాజధాని నుంచి ఆరోగ్యశాఖ వాళ్ళొచ్చారు. గోడమీద తెరపై అంకెలన్నీ చూపించింది డాక్టర్ ముక్తేశ్వరి: నర్సుల నిద్ర ఇంత పెరిగింది, ఏడుపు ఇంత తగ్గింది, సెలవులు ఇంత తగ్గాయి. అందరూ చప్పట్లు కొట్టారు. వచ్చే నెల నుంచి రాష్ట్రంలోని అన్ని ఎండుదగ్గు ఆసుపత్రులకీ గింజలు పంపిస్తామన్నారు. పదకొండు వేల మంది నర్సులు. ఎస్తేరుకి శాలువా కప్పారు. ఒక పెద్దమనిషి మైకు ముందు నిలబడి, ఈ గొంతు మన రాష్ట్రానికి అమ్మ గొంతు అన్నాడు. ఎస్తేరు నమస్కారం పెట్టి, ఫొటోకి నవ్వి, శాలువా మడతపెట్టుకుని ఇంటికొచ్చింది.

ఇంట్లో పదిహేడేళ్ళ కూతురు కెజియా వంటింటి గట్టు మీద కూర్చుని మరమరాలు తింటోంది. ఎస్తేరు భర్త ప్రభుదాసు పోర్టులో క్రేను నడుపుతాడు, ఆయన డ్యూటీలో ఉన్నాడు. సింకులో గిన్నెలు అలాగే ఉన్నాయి. ఎస్తేరు కూతుర్ని తిట్టింది. మామూలుగా కాదు, గట్టిగానే తిట్టింది. పెళ్ళయి అత్తారింటికి వెళితే అన్న మాట కూడా వచ్చింది. తరవాత స్నానం చేసి, పక్కగదిలో మంచం మీద వాలింది.

గంట తరవాత కెజియా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అమ్మా, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఇదివరకు నన్ను తిట్టినప్పుడల్లా గంట తిరక్కుండా దోసె వేసి తెచ్చేదానివి. ఒక్క మాట అనేదానివి కాదు, ప్లేటు పక్కన పెట్టి వెళ్ళిపోయేదానివి. ఉల్లిపాయలు కూడా వేసేదానివి. ఈ రెండు నెలల్లో పదిసార్లు తిట్టావు. ఒక్క దోసె లేదు."

ఎస్తేరు నవ్వబోయింది. "దోసెల పిండి లేదే ఇంట్లో."

"పిండి లేక కాదులే," అని కెజియా వెళ్ళిపోయింది.

ఎస్తేరు చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. తిట్టిన తరవాత బాధపడినట్టు గుర్తుంది. గొంతు పట్టేసినట్టూ గుర్తుంది. చెవిలో ఏదో మెత్తగా వినిపించింది, అంతే, ఆ బాధ మంచం దిగి వంటింటిదాకా నడవకముందే మాయమైపోయింది. మరి దోసె ఎక్కడి నుంచి వస్తుంది?

చెయ్యి చెవి దగ్గరికి పోయింది. గింజ తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

మొదట ఏమీ కాలేదు. తరవాత వచ్చింది, రెండు నెలలది ఒక్కసారే వచ్చింది. అట్ట, తనవైపున్న అక్షరాలు, ఎర్రసిరా. నూకాలు వస్తాదా? వస్తుంది. నూకాలు వస్తాదా? వస్తుంది. ఎస్తేరు దిండు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చంపేశాను, ఆ పిల్లకి తండ్రిని నేనే లేకుండా చేశాను అనుకుంది. మళ్ళీ అంతలోనే, కాదు, ఆయన ఎలాగూ పోయేవాడే, నేను దొంగిలించింది ఆ పది నిమిషాలు అనుకుంది. ఆ రెండో మాటే ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే అది నిజం. రెండుసార్లు గింజ కోసం చెయ్యి చాచింది. రెండోసారి దాన్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టింది.

మర్నాడు పొద్దున్నే మూడో అంతస్తు ఎక్కింది. డాక్టరమ్మ గింజల డబ్బాలకి అంటించే కాగితాలు సరిచూసుకుంటోంది. ఎస్తేరు కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది, అట్ట దగ్గర్నుంచి దోసె దాకా.

డాక్టరమ్మ చేతిలోని సెనగలు చేతిలోనే ఉండిపోయాయి. "పొరపాటు చేసి పడే బాధ, ఏ పొరపాటూ చెయ్యకుండానే పడే బాధ..." అని ఆగింది. "రెంటికీ ఆ కండరం ఒకేలా బిగుస్తుంది ఎస్తేరూ. ఆ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు."

"తెలుసా?"

"తెలుసు. మన నర్సుల్లో తప్పు చేసి ఏడ్చేవాళ్ళు ఒకరైతే, చెయ్యకుండా ఏడ్చేవాళ్ళు తొంభై తొమ్మిది మంది అని లెక్కేసుకున్నాను. ఆ ఒక్కరి సంగతి తరవాత చూద్దాంలే అనుకున్నాను." ఆవిడ సెనగలు మళ్ళీ జేబులో పోసేసుకుంది. "ఆ ఒక్కరూ మీరే అవుతారనుకోలేదు."

"ఎవరైతే ఏముందండీ? ఆ అమ్మాయికి వెళ్ళి చెబుతాను. సూపరింటెండెంటు గారికి రాసిస్తాను."

"రాసిస్తే విచారణ వేస్తారు. మీ ఉద్యోగం సంగతి దేవుడెరుగు, గింజ ఆగిపోతుంది. అన్నీ పీకించేస్తారు. సత్యవేణి చెవిలోది కూడా. ఆ పిల్ల సంగతి మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. సత్యవేణి అప్పటికే గుమ్మంలో ఉంది, కొత్త డబ్బాలు తీసుకెళ్ళడానికి వచ్చి అంతా వింది. చేతులు రెండూ చంకల్లో దాచుకుంది, పాత అలవాటు.

"నా చెవిలోంచి నిన్ను తీసెయ్యకక్కా," అంది. "నువ్వు తప్పు చేశావు, సరే. నేను చెయ్యలేదు కదా! నువ్వే చెప్పావు కదా చెయ్యలేదని! మరి నాదెందుకు తీసెయ్యాలి?"

ఎస్తేరు దగ్గరికెళ్ళి ఆ చేతులు బయటికి లాగి పట్టుకుంది. "నీకు చెప్పింది నిజమే. నీ తప్పు లేదు. అది గింజలో ఉన్నా లేకపోయినా నిజమే. అది పోతే నేనొచ్చి చెబుతాను, పూటకి పదిసార్లు చెబుతాను, విసుగొచ్చి నువ్వే పొమ్మనేదాకా చెబుతాను. కానీ నాకూ నీకూ ఒకే మాట చెప్పే దాన్ని పదకొండు వేల మంది చెవుల్లో ఎలా పెట్టనే?"

సత్యవేణి చేతులు లాక్కోలేదు.

"పూర్తిగా ఆపక్కర్లేదేమో," అంది డాక్టరమ్మ మెల్లగా. "మాట మారిస్తే? మళ్ళీ రికార్డు చేద్దాం. తప్పు చేసినవాళ్ళకీ చెయ్యనివాళ్ళకీ కూడా సరిపోయే మాట. అలాంటిదేదైనా మీ నోట వస్తుందా?"

"ఏమో. ఇప్పుడైతే లేదు. ముందు చెప్పి రానివ్వండి," అంది ఎస్తేరు. కాగితం అడిగి తీసుకుని, అక్కడే నిలబడి సూపరింటెండెంటుకి పేజీన్నర రాసి, డాక్టరమ్మ చేతికిచ్చి మెట్లు దిగింది.

మత్స్యకారుల పేట రేవు వెనకాల ఉంది. చిరునామా కాగితం పట్టుకుని అడుగుతూ వెళ్ళింది. ఎల్లాజీ ఇల్లా అనగానే ఒకావిడ వేలు పెట్టి చూపించింది. ఇంటిముందు ఇసకలో పెద్ద నీలం వల పరిచి ఉంది, నడినెత్తిన ఎండ. పది రోజులుగా అలాగే ఉన్నట్టుంది, అంచుల్లో ఇసక పేరుకుంది. ఎస్తేరు అది చూసి అక్కడే ఆగిపోయింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామా అనిపించింది, నిజం చెప్పాలంటే.

అంతలో గుమ్మం వైపు నుంచి తన గొంతు వినిపించింది.

"మీ నాన్నగారు రెండు ఇడ్లీలు తిన్నారమ్మా. కూర్చున్నారు. నేను వచ్చేస్తుంటే చెయ్యి కూడా ఊపారు."

చెవి తడుముకుంది. చెవిలో ఏమీ లేదు. గుమ్మంలో ముప్పై ఏళ్ళ మనిషి కూర్చుని ఎండు సావడా చేపలు ఏరుతోంది. పక్కన పీట మీద ఫోను. అది అయిపోగానే మళ్ళీ పెట్టుకోబోతూ తలెత్తి చూసింది.

"ఎవరు కావాలమ్మా?"

"నూకాలూ... నేను ఎస్తేరుని. ఆసుపత్రి నుంచి," అంది.

నూకాలు చేతిలోని చేపలు వదిలేసి లేచింది. "ఓలమ్మ! ఈ గొంతు మీదే! లోనికి రండి, లోనికి రండి." పీట తుడిచి వేసింది, చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. "మీ మాట పోన్లో రికాడై ఉండిపోనాది. రోజుకి ఎన్నిసార్లు ఎట్టుకుంటామో. వీధిలోవోళ్ళు కూడా వొచ్చి ఇంటారు. మా యమ్మయితే అది ఇంటే గానీ తొంగోదు. ఆఖరికి సెయ్యూపి ఎళ్ళినాడు కదా, అదే మాకు మిగిలింది."

ఎస్తేరు చెంబు తీసుకోలేదు. తీసుకునే మొహం లేదు. ఇప్పుడు ఊరుకుంటే? ఊరుకుంటే వీళ్ళకి ఆ ఊపిన చెయ్యి మిగులుతుంది, తనకి ఉద్యోగం మిగిలినా మిగలొచ్చు. గొంతు పట్టేసింది. చెవిలో ఎవరూ ఏమీ అనలేదు. పట్టేసిన గొంతుతోనే మాట్లాడింది.

"చెయ్యి ఊపింది మీ నాన్న కాదు నూకాలూ."

మొత్తం చెప్పింది. అట్ట తిరగబడటం చెప్పింది. ఇడ్లీలు తిన్నదీ చెయ్యి ఊపిందీ ఆ మంచానికి మారిన మాస్టారని చెప్పింది. బుధవారం పొద్దున్నే తనకి తెలిసిపోయిందని, ఎర్రసిరా చూస్తూ కూడా అబద్ధం చెప్పానని చెప్పింది. "ఆ రోజు నేను నిజం చెప్పి ఉంటే నిన్ను లోపలికి పంపేవారు. పది నిమిషాలు. అది నా వల్ల పోయింది. హఠాత్తుగా అన్నది కూడా అబద్ధమే." చెవిలో గింజ సంగతి చెప్పలేదు. చెబితే తప్పు దాని మీదకి నెట్టినట్టుంటుందని చెప్పలేదు.

నూకాలు కోప్పడుతుందనుకుంది ఎస్తేరు, కొడుతుందనుకుంది, కొడితే బాగుండునని కూడా అనుకుంది. నూకాలు ఫోను తీసి చూసి, బోర్లా పెట్టేసింది.

"మరి మా అయ్య ఏటన్నాడు?" అంది చివరికి. "అతనేటీ అనలేదా?"

"గాలి ఎటు తిరిగిందని అడిగాడు. సముద్రం మీంచి లోపలికి కొడుతోందని చెప్పాను." ఎస్తేరు ఆగింది. "పెద్ద వల ఎండలో వదిలెయ్యొద్దని నీకు చెప్పమన్నాడు. పెళుసైపోతుందని. అదీ చెప్పలేదు నేను."

నూకాలు వాకిలి వైపు చూసింది.

"ఇంకా?"

"నువ్వొస్తావా అని అడిగాడు. రెండుసార్లు. వస్తుందన్నాను."

నూకాలు ఎండలోకి దిగి, ఆ వల కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. ఒక్క మనిషి లాగే వల కాదది. ఎస్తేరు లేచి రెండో కొస పట్టుకుంటే వద్దనలేదు, రమ్మనలేదు. ఇద్దరూ దాన్ని ఈడ్చుకొచ్చి చూరు కింద నీడలో పడేశారు. కొన్నిచోట్ల తాడు నిజంగానే పెళుసెక్కి చేతుల్లో తెగింది. నూకాలు ఆ తెగిన చోట కూర్చుని అప్పుడు ఏడ్చింది, అయ్యా, అయ్యా అంటూ, నేలకేసి కొట్టుకుంటూ. ఎస్తేరు దగ్గరికి వెళ్ళబోయింది. ఐదు నెలలు రికార్డు చేసిన మాటలన్నీ నాలుక చివరకొచ్చాయి. ఒక్కటీ పనికొచ్చేది కాదు. ఊరికే దూరంగా ఇసకలో కూర్చుంది.

ఏడుపు తగ్గాక నూకాలు మొహం తుడుచుకుంది. "మీరు సేసింది నాను మర్సిపోను," అంది.

"మరిచిపోవద్దు," అంది ఎస్తేరు.

"మా యమ్మ బజారుకెళ్ళింది. పొద్దుగూకేతలికి వొస్తాది. ఆవిడికి నాను సెప్పలేను. మీరే సెప్పాలి." చేపల పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఎస్తేరు ఒక్కతే వాకిట్లో మిగిలింది. పొద్దు ఇంకా చాలా ఉంది. బస్సు స్టాపు సందు చివరే, నాలుగు అడుగులు. చెయ్యి అలవాటుగా చెవి దగ్గరికి పోయి, ఖాళీ తడిమి, కిందికి వచ్చింది. అప్పుడు తనే అంది, పైకే అంది, ఆ బొంగురు గొంతుతోనే: "తప్పు చేశావు ఎస్తేరూ. కూర్చో. ఎక్కడికీ పోకు. నేను కూడా ఇక్కడే ఉంటాను." హాయిగా ఏమీ అనిపించలేదు. గొంతు అలా పట్టేసే ఉంది. కానీ కూర్చోగలిగింది. డాక్టరమ్మకి ఈ మాట చెప్పి చూడాలి అనుకుంది.

ఎండ గోడ దిగి, వల దాటి, ఇసక మీంచి వెళ్ళిపోయింది. సందు మొదట్లో నెత్తిన తట్టతో ఒక ముసలావిడ కనిపించింది. వాకిట్లో కొత్త మనిషిని చూసి, "ఎవరమ్మా?" అంది.

"ఎస్తేరునమ్మా, ఆసుపత్రి నుంచి," అంది.

ఆ గొంతు వినగానే ముసలావిడ మొహమంతా విప్పారింది. తట్ట దింపుకుని, పరుగులాంటి నడకతో వచ్చి, ఎస్తేరు రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఒకసారి చెప్పాక రెండోసారి సులువవుతుందేమో అనుకుంది ఎస్తేరు. కాలేదు. ఆ చేతులు వదలకుండానే మొదలుపెట్టింది.